రైలు గడియారం, గురుడి చంద్రులు



2024 మే 1న గురుడు వృషభరాశిలో ప్రవేశించాడు. ఆ రోజు నుంచి పన్నెండు రోజులు నర్మదా నదికి పుష్కరాలు. నర్మద పుట్టిన అమరకంటక్ ఛత్తీస్‌గఢ్‌లోని మా బిలాస్‌పూర్‌కు దగ్గరలోనే ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి రైల్లో వచ్చే యాత్రికులు బిలాస్‌పూర్ చేరి, కట్నీ వెళ్ళే మార్గంలో పెండ్రా రోడ్ స్టేషన్లో దిగి, అక్కడి నుంచి కొండదారి పట్టి అమరకంటక్ వెళ్తారు. గురుడు సింహరాశికి వస్తే గోదావరికి, కన్యారాశికి వస్తే కృష్ణకు పుష్కరాలని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2015లో గోదావరి పుష్కరాలు జరిగాయి, మళ్ళీ 2027లో వస్తాయి. లక్షల మంది ప్రయాణం కట్టడానికీ, రైల్వే ప్రత్యేక రైళ్ళు వేయడానికీ మూలం ఆకాశంలో ఒక గ్రహం రాశి మారడమే.

గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి 11.86 సంవత్సరాలు పడుతుంది. మనం స్థూలంగా పన్నెండేళ్ళంటాం. పన్నెండుకూ ఈ లెక్కకూ మధ్య ఉన్నది యాభై రోజుల తేడా. కానీ ఏడు చుట్లు పూర్తయ్యేసరికి అది దాదాపు ఒక ఏడాదికి పెరుగుతుంది. అందుకే హరిద్వార్‌లో 2010లో జరిగిన కుంభమేళా మళ్ళీ 2022లో కాకుండా 2021లోనే వచ్చింది. గురుడు అప్పటికే కుంభరాశికి చేరుకున్నాడు. పండగ తేదీ గ్రహాన్ని అనుసరించింది తప్ప, గ్రహాన్ని పన్నెండేళ్ళ వాడుకలో ఇరికించలేదు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న సంగతి ఇదే. సౌరకుటుంబం గురించి మనిషి తెలుసుకున్న గొప్ప విషయాల్లో కొన్ని, లెక్క చెప్పిన సమయానికీ కంటికి కనిపించిన సమయానికీ మధ్య వచ్చిన చిన్న తేడాల్లోంచి పుట్టాయి. ఆ తేడాను సర్దేయకుండా, ఉన్నదున్నట్టు రాసిపెట్టినవాళ్ళకే కొత్త సంగతి దొరికింది. ఇది రైలు పట్టణాల్లో బతికేవాళ్ళకు మిగతావాళ్ళకన్నా త్వరగా అర్థమవుతుందని నా నమ్మకం.

బిలాస్‌పూర్ రైలు పట్టణం. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1891లో నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా మార్గం తెరిచారు. అందులో బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలి. తూర్పు తీరపు రైలుమార్గంలో ఉత్తరభాగం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో రాయపూర్ నుంచి విజయనగరానికి కొండల మధ్యగా వేసిన మార్గం కూడా పూర్తయింది. ఆ దారుల వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మనవాళ్ళు ఉద్యోగాలకు ఈ వైపు వచ్చారు. ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, పాయింట్స్‌మన్లుగా, గార్డులుగా, స్టేషన్ మాస్టర్లుగా పనిచేశారు. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే ఇక్కడే ప్రధాన కార్యాలయంగా మొదలైంది. కోర్బా బొగ్గు మోసే గూడ్సు బళ్ళు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. ప్రతి స్టేషన్లోనూ ఒక రిజిస్టరు ఉంటుంది. బండి ఏ నిమిషానికి వచ్చింది, ఏ నిమిషానికి వెళ్ళింది అన్నది అందులో రాయాలి. రావలసిన సమయం రాస్తే కుదరదు, వచ్చిన సమయమే రాయాలి. ఈ క్రమశిక్షణే ఖగోళశాస్త్రానికీ పునాది.

1610 జనవరి 7 రాత్రి ఇటలీలోని పాదువా నగరంలో గెలీలియో తన దూరదర్శినిని గురుడి వైపు తిప్పాడు. గురుడి పక్కన ఒకే వరుసలో మూడు చిన్న చుక్కలు కనిపించాయి. మూడే రాసుకున్నాడు. మర్నాడు చూస్తే ఆ చుక్కలు చోటు మారి ఉన్నాయి. ఆ నెల 13 నాటికి నాలుగో చుక్క కూడా కనిపించింది. రోజూ బొమ్మ గీసి, సమయం వేసుకుంటూ పోతే తేలింది, అవి నక్షత్రాలు కావు, గురుణ్ణి చుట్టి తిరుగుతున్న నాలుగు చంద్రులని. భూమి చుట్టూ కాకుండా మరో గ్రహం చుట్టూ తిరిగేవి ఉన్నాయని మనిషి కంటితో చూసిన మొదటి సందర్భం అది.

ఆ నాలుగింటి పేర్లు అయో, యూరోపా, గనిమీడ్, కలిస్టో. గురుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న అయో ఒక చుట్టుకు నలభై రెండున్నర గంటలు తీసుకుంటుంది. యూరోపాకు మూడున్నర రోజులు, గనిమీడ్‌కు వారం దాటి కొన్ని గంటలు, కలిస్టోకు పదహారున్నర రోజులకు పైన. గనిమీడ్ ఒకసారి తిరిగేలోపు యూరోపా రెండుసార్లు, అయో నాలుగుసార్లు తిరుగుతాయి. ఇవి ప్రతి చుట్టులోనూ గురుడి నీడలోకి వెళ్ళి మాయమై మళ్ళీ బయటికి వస్తుంటాయి. ఒక్క కలిస్టో మాత్రం కొన్నేళ్ళపాటు ఆ నీడ తగలకుండా పైనుంచో కిందినుంచో తప్పించుకుపోతుంది. ఆ గ్రహణాలు భూమ్మీద దూరదర్శిని ఉన్న ఏ ఊరి నుంచైనా, గురుడు ఆకాశంలో ఉన్నంతసేపు, ఒకే క్షణాన కనిపిస్తాయి.

ఆ కాలంలో ఒక పెద్ద చిక్కు ఉండేది. ఒక ఊరి అక్షాంశం ధ్రువనక్షత్రం ఎత్తును బట్టి తేలికగా తెలిసేది. రేఖాంశం తెలియాలంటే రెండు ఊళ్ళ స్థానిక సమయాల మధ్య తేడా తెలియాలి. దూరదేశంలో ఉన్న గడియారంతో మన గడియారాన్ని పోల్చడం ఎలా? గురుడి చంద్రుల గ్రహణం ఇక్కడా అక్కడా ఒకే క్షణాన జరుగుతుంది కాబట్టి, ఇద్దరూ తమ తమ స్థానిక సమయం రాసుకుని తర్వాత పోల్చుకుంటే రేఖాంశం వచ్చేస్తుంది. అందుకే 1668లో కసీని అనే ఖగోళవేత్త ఈ గ్రహణాల పట్టికలు ప్రచురించాడు. అవి ఆకాశానికి వేసిన టైమ్‌టేబుల్.

ఆ టైమ్‌టేబుల్ కొన్ని నెలల్లో సరిపోయేది, కొన్ని నెలల్లో సరిపోయేది కాదు. పారిస్ వేధశాలలో పనిచేస్తున్న ఓలె రోమర్ అనే డెన్మార్క్ యువకుడు ఆ తేడాలో ఒక క్రమం చూశాడు. భూమి గురుడికి దూరంగా జరిగే నెలల్లో అయో గ్రహణాలు అనుకున్నదానికన్నా ఆలస్యంగా వస్తున్నాయి. భూమి దగ్గరికి వచ్చే నెలల్లో ముందుగా వస్తున్నాయి. అయో తన పని సమయానికే చేస్తోంది, ఆ వార్త మోసుకొచ్చే వెలుగుకు దారిలో సమయం పడుతోంది అని రోమర్ గ్రహించాడు. అయో ఒక చుట్టు తిరిగే నలభై రెండున్నర గంటల్లో భూమి నలభై లక్షల కిలోమీటర్లకు పైగా దూరం జరగవచ్చు. ఆ అదనపు దారి దాటడానికి వెలుగుకు దాదాపు 15 సెకన్లు కావాలి. ఒక్కో చుట్టుకు పదేసి, పదిహేనేసి సెకన్లు పోగై, నెలలు గడిచేసరికి నిమిషాలవుతాయి. 1676 నవంబరులో రావలసిన ఒక గ్రహణం పది నిమిషాలు ఆలస్యమవుతుందని రోమర్ ముందే చెప్పాడు. అలాగే జరిగింది.

అంతవరకూ వెలుగు క్షణంలో ఎంత దూరమైనా వెళ్తుందని చాలామంది పెద్ద పండితులు నమ్మేవారు. కసీని కూడా రోమర్ మాటకు ఒప్పుకోలేదు. భూకక్ష్య వ్యాసం దాటడానికి వెలుగుకు 22 నిమిషాలు పడుతుందని రోమర్ అంచనా. ఇప్పుడు మనకు తెలిసిన లెక్క దాదాపు 16 నిమిషాల 40 సెకన్లు. అంకె కొంత తప్పినా, వెలుగుకు వేగం ఉందన్న సత్యం నిలిచింది. పట్టిక తప్పిందని విసుక్కుని పక్కన పెట్టేసి ఉంటే, లేదా పట్టికకు సరిపోయేలా నిమిషాలు సర్దేసి ఉంటే, ఆ సత్యం ఆ రోజు బయటపడేది కాదు.

ఇప్పుడు ఆ చంద్రులు మన రైళ్ళ దాకా ఎలా వచ్చాయో చెబుతాను. 1792లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేధశాల కట్టింది. దానికోసం పట్టుబట్టినవాడు మైకేల్ టాపింగ్. మన కోస్తాతీరం కొలిచి, కృష్ణా గోదావరి డెల్టాల్లో సర్వే చేసిన మనిషి. 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. ఆయన తర్వాత వేధశాల బాధ్యత తీసుకున్న జాన్ గోల్డింగ్‌హామ్ ఏళ్ళ తరబడి గురుడి చంద్రుల గ్రహణాలు చూసి, సెకన్లతో సహా రాసి, వాటి నుంచి మద్రాసు రేఖాంశం లెక్కగట్టాడు. గ్రహణాలతో రేఖాంశాలు తేల్చడం గురించి 1822లో ఆయన రాసిన వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. దేశం మొత్తాన్ని కొలిచిన మహా త్రికోణమితి సర్వేకి మద్రాసు రేఖాంశమే ఆధారమైంది. టెలిగ్రాఫ్ వచ్చాక కొలిస్తే ఆ రేఖాంశంలో కొద్దిపాటి తేడా తేలింది, దాన్నీ దిద్దుకున్నారు.

రైళ్ళు వచ్చాక ఒక్కో ఊరికి ఒక్కో సమయం ఉంటే బళ్ళు నడపడం కుదరదు కదా. అందుకని దేశంలో రైళ్ళన్నీ మద్రాసు సమయం పాటించాయి. గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందుండే సమయం అది. గురుడి చంద్రులు నీడలోకి వెళ్ళే క్షణాలను ఒక మనిషి ఓపికగా రాసిన రాతలకూ, మన స్టేషన్ గోడ మీది గడియారానికీ ఉన్న బంధుత్వం ఇది. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ప్లాట్‌ఫాం మీది గడియారమంటే గౌరవం పెరిగింది.

1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక సమయం అమల్లోకి వచ్చింది. తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాల గీత దానికి ఆధారం. ఆ గీత ఛత్తీస్‌గఢ్ గుండా, బిలాస్‌పూర్‌కు తూర్పున నలభై కిలోమీటర్ల లోపే సాగి, దక్షిణాన కాకినాడకు కొంచెం తూర్పుగా తీరం దాటుతుంది. బిలాస్‌పూర్, కాకినాడ రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. అంటే ఇక్కడ గురుడు ఆకాశంలో తన అత్యున్నత స్థానానికి చేరిన అర నిమిషంలోపే కాకినాడలోనూ చేరతాడు. ఇక్కడి తోర్వా పేటలో ఉంటున్న మనవడూ, కాకినాడలో ఉన్న తాతగారూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకే గ్రహాన్ని ఒకేసారి చూడవచ్చు.

మనవాళ్ళు వచ్చిన ఉత్తరాంధ్రకూ ఈ విద్యలో ఘనమైన వారసత్వం ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు మద్రాసు వేధశాలలో టేలర్ అనే శాస్త్రవేత్త దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో డాబాగార్డెన్స్‌లో తన సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు ఆయన విశాఖలో ఆ దృశ్యాన్ని పరిశీలించి వివరాలు నమోదు చేశారు. అప్పుడు ప్రపంచమంతటా పరిశీలకులు ఆ దాటుడు మొదలైన క్షణాన్నీ ముగిసిన క్షణాన్నీ రాసి, వాటి తేడాల నుంచి సూర్యుడి దూరం తేల్చాలని చూశారు. ఆ పనిలో ఒక తెలుగువాడి గడియారం కూడా ఉంది.

సమయానికి రాని గ్రహం మరో గ్రహాన్నే చూపించిన కథ కూడా ఉంది. 1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. తర్వాతి దశాబ్దాల్లో అది లెక్క ప్రకారం ఉండవలసిన చోట ఉండకుండా పక్కకు జరుగుతూ వచ్చింది. దానికి అవతల మరో గ్రహం ఉండి లాగుతోందని పారిస్‌లో లెవెరియె, ఇంగ్లండులో ఆడమ్స్ వేరువేరుగా లెక్కగట్టారు. లెవెరియె చెప్పిన చోట 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాల్ వెతికితే, ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. పదిహేడు రోజులకే దానికి ట్రైటాన్ అనే చంద్రుడు ఉన్నట్టు లాసెల్ చూశాడు.

మన కాలానికి వద్దాం. హైదరాబాదులో నిజామియా వేధశాల ఉద్యోగి ఇంట పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు గారు తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు వేధశాలను నెలకొల్పారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డుగా వెళ్ళాల్సి ఉంది. దానికోసం కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి కాచుకుని ఉన్నారు. యురేనస్ ఇంకా దగ్గరికి రాకముందే ఆ నక్షత్రం కొన్ని సెకన్లు మసకబారింది. వాళ్ళు ఆ సెకన్లను పట్టించుకున్నారు, యురేనస్‌కు కొత్త చంద్రుడు ఉండవచ్చని రాశారు. అదే రాత్రి విమానంలో ఎగురుతూ చూసిన అమెరికా బృందానికి గ్రహానికి అటూ ఇటూ అలాంటి మసకలు జంటలుగా దొరికాయి. దాంతో అవి యురేనస్ చుట్టూ ఉన్న వలయాలని తేలింది. కావలూరు వారి వివరణ మారింది. వాళ్ళ కొలత మాత్రం చెక్కుచెదరలేదు.

మళ్ళీ అయో దగ్గరికి వెళదాం. 1979 మార్చిలో వాయేజర్ 1 గురుణ్ణి దాటింది. నౌక సరైన దారిలో ఉందో లేదో చూడడానికి తీసిన ఒక ఫోటోను లిండా మొరబిటో పరిశీలిస్తున్నారు. అయో అంచుకు అవతల ఉండకూడని చోట ఒక గొడుగు ఆకారం కనిపించింది. మరక అనుకుని వదిలేయలేదు. వెంట పడి చూస్తే అది అగ్నిపర్వతం ఎగజిమ్మిన ధూమం. భూమి కాకుండా మరోచోట రగులుతున్న అగ్నిపర్వతం మనిషికి కనిపించడం అదే మొదటిసారి. అయో, యూరోపా, గనిమీడ్ ఒకటికి రెండు, రెండుకు నాలుగు లెక్కన తిరుగుతాయని చెప్పాను కదా. ఆ లెక్క వల్ల అవి మళ్ళీ మళ్ళీ ఒకే తీరులో ఒకదాన్నొకటి లాగుతాయి. అయో కక్ష్య పూర్తి వృత్తంగా మారకుండా ఉండిపోతుంది. గురుడి ఆకర్షణ దాన్ని ప్రతి చుట్టులోనూ పిసికి వదులుతుంది. ఆ రాపిడి వేడికే దాని కడుపు మరుగుతోంది.

చంద్రులంటే గ్రహాల వెనక తిరిగే చిన్న రాళ్ళని అనుకోవద్దు. గనిమీడ్ వ్యాసం 5,268 కిలోమీటర్లు, బుధగ్రహం కన్నా పెద్దది. శని చంద్రుడు టైటాన్ మీద దట్టమైన గాలి ఉంది, ద్రవ మీథేన్ నిండిన సరస్సులు ఉన్నాయి. 2005 జనవరిలో హైగెన్స్ నౌక దాని నేల మీద దిగింది. ఎన్సిలాడస్ అనే చిన్న చంద్రుడి దక్షిణధ్రువం నుంచి నీటి ఆవిరి చిమ్ముతోందని కసీని నౌక చూసింది. అంగారకుడి చంద్రుడు ఫోబోస్ ఏడున్నర గంటల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది, అందుకే అంగారకుడి మీద నిలబడితే అది పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. 2025 మార్చిలో శనికి ఒక్కసారే 128 కొత్త చంద్రులను గుర్తించడంతో శని చంద్రుల సంఖ్య 274కి చేరింది. యూరోపా మంచుపొర కింద సముద్రం గురించి తెలుసుకోవడానికి 2024 అక్టోబరులో బయలుదేరిన నౌక 2030లో గురుడి దగ్గరికి చేరాలి. ఇప్పుడు అయిదో తరగతి చదువుతున్న పిల్లలు కాలేజీ వయసుకు వచ్చేసరికి ఆ వార్తలు వస్తుంటాయి.

ఆ పిల్లల కోసం ఒక పని చెబుతాను. గురుడు సుమారు పదమూడు నెలలకోసారి రాత్రంతా ఆకాశంలో కనిపిస్తాడు. ఆ కాలంలో పొద్దుగుంకాక తూర్పున, మిణుకుమిణుకుమనకుండా నిలకడగా, తెల్లగా వెలుగుతుంటాడు. యార్డు దీపాల వెలుగులోనూ కనిపిస్తాడు. మామూలు బైనాక్యులర్ చాలు. డాబా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, చేతులు కదలకుండా చూడండి. గురుడికి అటూ ఇటూ ఒకే వరుసలో సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవే గెలీలియో చూసిన చంద్రులు.

ఒక నోటుపుస్తకం తీసుకుని, రోజూ ఒకే సమయానికి, తేదీ, గంట, నిమిషం వేయించండి. మధ్యలో చిన్న సున్నా, అటూ ఇటూ కనిపించినన్ని చుక్కలు. పదిహేడు రాత్రులు గడిచేసరికి కలిస్టో దాదాపు మొదలుపెట్టిన చోటికి తిరిగి వస్తుంది. అయో మాత్రం ఒక రాత్రికీ మరో రాత్రికీ ఎక్కడుందో పోల్చుకోలేనంత త్వరగా తిరుగుతుంది. మబ్బు పట్టిన రోజున "మబ్బు" అని రాయించండి. మూడు చుక్కలే కనిపిస్తే మూడే పెట్టించండి. నాలుగోది గురుడి వెనకో, ముందో, నీడలోనో ఉండి ఉంటుంది. నాలుగు ఉండాలి కదా అని లేనిదాన్ని మాత్రం గీయనివ్వకండి. అచ్చు పుస్తకంలోని బొమ్మకూ మన నోటుపుస్తకంలోని బొమ్మకూ తేడా వస్తే, ఏది తప్పని పిల్లల్ని గద్దించకండి. ఎందుకు తేడా వచ్చిందో వాళ్ళనే వెతకనివ్వండి.

మన రైల్వే కాలనీల్లో ఇలాంటి పుస్తకాలు పది ఉంటే చాలు. పిల్లలు వారానికోసారి కూర్చుని ఒకరి రాతలు మరొకరితో సరిచూసుకోవచ్చు. ఉద్యోగ విరమణ చేసిన గార్డుబాబాయిలు, స్టేషన్ మాస్టర్ తాతయ్యలు పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. నిమిషం తప్పకుండా రాయడమెలాగో, లేటును లేటని ఒప్పుకోవడమెలాగో వాళ్ళకన్నా బాగా నేర్పగలవాళ్ళు ఎవరున్నారు? ఖరీదైన పరికరాలు తర్వాత వస్తాయి. కంటికి కనిపించినదాన్ని నిజాయితీగా రాసే అలవాటు మాత్రం ఈ వయసులోనే పడాలి, ఆ అలవాటు ఉన్న పిల్లవాడు ఏ శాస్త్రంలోనైనా నిలబడతాడు.